జమా–ఖర్చు: పాత అంబాసిడర్ కొనేముందు



ఈ శీర్షికలో ఇంతవరకు డిపాజిట్లు, నామినేషన్లు, వీలునామాలు అంటూ కాగితాల సంగతులే రాస్తూ వచ్చాను. "ఒక్కసారైనా కాగితం వాసన లేని విషయం రాయండి" అని మన సంఘం ఉగాది విందులో ఒక సోదరి చురక వేశారు. అందుకని ఈసారి కారు గురించి రాస్తున్నాను. అయితే ఇదీ చివరికి కాగితాల దగ్గరికే చేరుతుంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనుకోవద్దు.

మా అక్కగారి ఊరు వల్లూరు. తుమకూరు జిల్లా పావగడ తాలూకా. ఆ తాలూకా కర్ణాటకదే అయినా పటంలో చూస్తే మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ చుట్టుకొని ఉంటుంది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం, సంతలో రెండూ. శెనక్కాయ వేసి ఆకాశం వైపు చూడటమే అక్కడి వ్యవసాయం. 2018 మార్చిలో ప్రారంభమైన పావగడ సోలార్ పార్కు గురించి మీరు వినే ఉంటారు. తిరుమణి, బళసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లుతో పాటు వల్లూరు కూడా ఆ పార్కులోని ఊరే. సుమారు 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. అక్కడ రైతుల భూమిని కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్ళకొకసారి 5 శాతం పెంచే ఏర్పాటు.

మా బావగారివి ఐదెకరాలు అందులో ఉన్నాయి. మొదటి ఏడాది లెక్కన 1,05,000 రూపాయలు. వానతో పని లేని రాబడి చూడటం వాళ్ళ వంశంలో ఆయనకే మొదలు. అయితే ఆ డబ్బు ఏడాదికి ఒక్కసారి వస్తుంది. తొందరపడి ఖర్చు పెడితే మళ్ళీ ఏడాది ఆగాలి. భూమి అద్దాల కింద ఉంది కనుక దున్నుకొని సంపాదించేది లేదు. అందుచేత ఆ డబ్బులో ప్రతి రూపాయినీ ఆయన భూమి ముక్కగానే చూస్తారు. చూడాలి కూడా.

2025లో ఆయనకు కారు అవసరం పడింది. అక్కకు మోకాళ్ళు అరిగిపోయాయి. నెలకోసారి బెంగుళూరు పోయి డాక్టరుకు చూపించుకోవాలి. పిల్లలు కొత్తగా చిన్న కారు తీసుకుందామన్నారు. పొరుగింటివాళ్ళ చిన్న కారులో ఒకసారి పావగడ పోయివచ్చిన అక్క మాత్రం ఒప్పుకోలేదు. "వీటిలో కూచోడమంటే బాయిలోకి దిగినట్టు, లేవడమంటే బాయిలో నుంచి చేదుకున్నట్టు ఉందిరా" అంది నాతో. చిన్న కార్ల మీద ఇంతకంటే మంచి విమర్శ నేను ఏ మోటారు పత్రికలోనూ చదవలేదు.

బావగారు చాలాసేపు ఆలోచించి, "ఏమప్పా, పాత అంబాసిడర్ ఒకటి చూస్తే ఎట్లుంటాది?" అని ఫోను చేశారు. ఆ ప్రశ్నకు మేమిద్దరం వెతుక్కున్న జవాబే ఈ వ్యాసం.

కూర్చోబెట్టడం తెలిసిన బండి

అంబాసిడర్ మన దేశంలో తయారైనా పుట్టుక ఇంగ్లండుది. అక్కడి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారును హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా ఫ్యాక్టరీలో 1950ల చివర తయారు చేయడం మొదలుపెట్టారు. 2014 మే నెలలో ఆ ఫ్యాక్టరీ ఆగిపోయింది. 2017లో అంబాసిడర్ అన్న పేరును ఫ్రాన్సు దేశపు పెజో కంపెనీ 80 కోట్లకు కొనుక్కుంది. అంటే ఈనాడు అంబాసిడర్ కొనదలచుకున్నవారికి పాతది తప్ప వేరే దారి లేదు.

పొడవు నాలుగు మీటర్ల మీద ఒక అడుగు. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరం 97 అంగుళాలు. ఈనాటి కార్ల పక్కన ఇవేమంత పెద్ద కొలతలు కావు. మరి లోపల అంత చోటు ఎక్కడి నుంచి వచ్చింది? ఎత్తు వల్ల. బండి ఎత్తు 1,600 మిల్లీమీటర్లు, సీటు కూడా నేల నుంచి కుర్చీ ఎత్తున ఉంటుంది. మోకాళ్ళు నొప్పిగా ఉన్న మనిషి తలుపు తీసి, పక్కకు తిరిగి కూర్చుని, తర్వాత కాళ్ళు లోపలికి తీసుకోవచ్చు. దిగేటప్పుడు పాదాలు నేలకు ఆనించి, నిటారుగా లేవవచ్చు. తలపాగా తీయాల్సిన పని లేదు. వెనుక సీటు సోఫాలాగా ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఉంటుంది. డిక్కీలో రెండు శెనక్కాయ మూటలు పెట్టినా ఇంకా సంచులకు చోటుంటుంది. ముందు టార్షన్ బార్లు, వెనుక లారీకి ఉన్నట్టు కమాను కట్టలు. గుంతలో పడితే బండి ఊగుతుందే తప్ప నడుముకు దెబ్బ తగలదు.

ఇలాంటి బండ్లకు ఇలాంటి గిరాకీ ఒక్క మన దగ్గరే అనుకోకండి. అమెరికాలో ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా అని ఉండేది. పోలీసులకు, టాక్సీలకు అదే. 2011లో తయారీ ఆగిపోయాక కూడా విశాలమైన సీట్ల కోసం పాతవి వెతికి కొనుక్కున్న కుటుంబాలు ఉన్నాయి. సుఖంగా కూర్చోవాలనే కోరిక అన్ని దేశాల్లోనూ ఒకటే.

ఇదంతా జమ వైపు. ఇక ఖర్చు వైపు చూద్దాం.

మెరిసే బండి, లేని మనిషి సంతకం

మొదట చూసిన బండి హిందూపురంలో. ఏపీ-02 నంబరు, 2003 మోడలు. కొత్త పెయింటు, ఎర్ర వెల్వెట్ సీట్లు, పాటల పెట్టె. అడిగిన ధర 1,10,000. బావగారికి నచ్చింది. అక్క ఎక్కి కూర్చుని చూసి, దిగి, నవ్వింది కూడా.

నేను మాత్రం బాయ్‌నెట్ ఎత్తమనకుండా ఆర్.సి. అడిగాను. ముప్ఫై ఏళ్ళ బ్యాంకు ఉద్యోగంలో పట్టిన అలవాటు. తనఖాకు వచ్చిన ఇల్లు ఎంత అందంగా ఉన్నా ముందు హక్కు పత్రాలు చూస్తాం, తర్వాతే గోడలు. ఆర్.సి.లో ఉన్న పేరు అమ్ముతున్న మనిషిది కాదు. మధ్యవర్తి ఏమాత్రం తడుముకోకుండా, "ఇరవై తొమ్మిది, ముప్ఫై ఫారాలు సంతకాలతో రెడీగా ఉండాయి సార్. మీ పేరు రాసుకునేదే" అన్నాడు. ఖాళీ ఫారాల మీద సంతకం నిజంగానే ఉంది. ఆ యజమాని ఎక్కడున్నారని అడిగితే, పోయి రెండేళ్ళయిందన్నాడు.

మిత్రులారా, యజమాని పోయాక ఆయన బతికుండగా ఖాళీ ఫారం మీద పెట్టిన సంతకానికి విలువ లేదు. అప్పుడు వారసులు 31వ ఫారంతో ముందు తమ పేరుకు మార్పించుకోవాలి. ఆ తర్వాతే వారు అమ్మగలరు. ఆ వారసులు ఎవరో, ఎందరో, వారికి ఈ అమ్మకం సంగతి తెలుసో లేదో మధ్యవర్తి చెప్పలేకపోయాడు. రేపు బండి మంచి ధర పలికితే వాళ్ళు వచ్చి మాదంటారు. బండి ఎవరినైనా గుద్దితే మాది కాదంటారు.

బావగారికి కష్టంగా ఉన్నా, "వద్దులే, భూమి డబ్బు" అని ఒక్కమాట అని బయటికి వచ్చేశారు.

పేరు మారితేనే అమ్మకం

డబ్బు ఇచ్చి తాళంచెవి తీసుకుంటే బండి కొన్నట్టే అని మనలో చాలామంది నమ్మకం. ఇంట్లో కుర్చీకైతే అది చాలు. కారుకు చాలదు.

ఒక కేసు సంగతి చెబుతాను. ఒకాయన కారు అమ్మేశాడు. అది చేతులు మారుతూ పోయింది. ఆర్.సి. మాత్రం మొదటాయన పేరునే ఉండిపోయింది. 2009లో ఆ కారు వల్ల ప్రమాదం జరిగి ఒక ప్రాణం పోయింది. పరిహారం ఎవరివ్వాలన్న తగవు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2018 ఫిబ్రవరిలో కోర్టు తేల్చింది: రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో మోటారు వాహనాల చట్టం దృష్టిలో వారే యజమాని, పరిహారం బాధ్యత వారిదే. ఎప్పుడో అమ్మేసి డబ్బు కూడా ఖర్చయిపోయిన మనిషి, తాను చూడని ప్రమాదానికి బాధ్యుడయ్యాడు.

1988 నాటి ఈ చట్టం 50వ సెక్షన్ ప్రకారం, బండి అదే రాష్ట్రంలో రిజిస్టరైనదైతే అమ్మినవారు 14 రోజుల్లో తెలియజేయాలి. వేరే రాష్ట్రానిదైతే 45 రోజుల్లో నిరభ్యంతర పత్రంతో సహా పంపాలి. కొన్నవారు 30 రోజుల్లో తమ పేరుకు మార్పు కోరాలి. ఇన్సూరెన్స్ మార్పుకు 14 రోజులు. అమ్మినవారి నో క్లెయిం బోనస్ బండితో పాటు రాదు. అది మనిషిది.

పావగడలాంటి సరిహద్దు తాలూకాలకు ఇంకొక చిక్కు ఉంది. అక్కడ రోడ్ల మీద సగం బండ్లు ఆ రాష్ట్రానివి, సగం ఈ రాష్ట్రానివి. ఎవరూ అడగరు కదా అని ఏళ్ళ తరబడి అలాగే తిప్పుతుంటారు. కానీ వేరే రాష్ట్రపు బండిని 12 నెలలకు మించి మన దగ్గర ఉంచుకుంటే కొత్త నంబరు తీసుకోవాలని 47వ సెక్షన్ చెబుతోంది. దానికి పాత ఆఫీసు నుంచి నిరభ్యంతర పత్రం, ఇక్కడ జీవితకాల పన్ను కావాలి. ఆ పన్ను ఎంతవుతుందో ఆర్.టి.ఓ. ఆఫీసులో లెక్క వేయించుకున్నాకే ధర మాట్లాడాలి. నా సలహా ఏమిటంటే, పదివేలు ఎక్కువైనా సొంత రాష్ట్రపు నంబరున్న బండే చౌక.

మరొకటి. పాత ఆర్.సి.లలో బ్యాంకు పేరున హైపోతికేషన్ రాసి ఉంటుంది. అప్పు ఎప్పుడో తీరినా దాన్ని కొట్టేయించరు. ఇప్పుడా బ్యాంకే ఉండకపోవచ్చు. మైసూరు స్టేట్ బ్యాంకు 2017లో స్టేట్ బ్యాంకులో కలిసింది. విజయా బ్యాంకు 2019లో బరోడా బ్యాంకులో, 2020లో ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిశాయి. 35వ ఫారం మీద సంతకం కలుపుకున్న బ్యాంకు చేయాలి. పాత ఖాతా తవ్వి తీయడానికి రోజులు పడుతుంది. ఆ తిరుగుడు అమ్మేవారే తిరగాలి, మీరు కాదు.

కింద పడుకుని చూడాల్సింది

రెండో బండి తుమకూరులో దొరికింది. కెఎ-06, 2004 మోడలు, 1,489 సీసీ డీజిల్. రిటైరైన ఉపాధ్యాయులొకరు మొదటి నుంచీ తామే వాడుకున్నది. పెయింటు వెలిసిపోయింది. సీటు గుడ్డ మీద కుట్లు కనబడుతున్నాయి. అడిగిన ధర లక్ష.

అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్టు వేరే ఛాసిస్ ఉండదు. ఒళ్ళంతా కలిసే ఎముక. కాబట్టి నేల రేకు, తలుపుల కింద పొడుగునా పోయే పెట్టెలాంటి రేకు తుప్పు పడితే అది అందచందాల లోపం కాదు, వెన్నెముక జబ్బు. మాతో వచ్చిన మేస్త్రీ మొదట చేసిన పని కాళ్ళ కింద మ్యాట్లు ఎత్తడం. తర్వాత గుడ్డలో చుట్టిన అయస్కాంతం ఒళ్ళంతా తిప్పాడు. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, పుట్టీ దట్టంగా పూసినచోట జారిపోతుంది. ఎడమవైపు కింద రెండుచోట్ల జారింది.

ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడాలని పొద్దున్నే వెళ్ళాం. వేడిచేసి పెట్టిన ఇంజను ఎవరికైనా మర్యాదగానే స్టార్టవుతుంది. నీలం పొగ వస్తే ఆయిలు మండుతున్నట్టు. మీటరులో కిలోమీటర్లు నమ్మనక్కర లేదు, పెడల్ రబ్బరు ఎంత అరిగిందో చూస్తే చాలు.

అన్నిటికంటే ముఖ్యం, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్.సి.తో పోల్చి చూడటం. పెట్రోలు అంబాసిడర్‌కు డీజిల్ ఇంజను పెట్టించుకోవడం ఒకప్పుడు మామూలు. ఆ మార్పు ఆర్.సి.లో ఎక్కకపోతే మీరు కొన్న బండి వేరు, కాగితంలో ఉన్న బండి వేరు. అలాగే పసుపు బోర్డు టాక్సీగా తిరిగి తెల్లబోర్డుకు మారిన బండి అయితే ఆ మార్పు కూడా కాగితంలో కనబడాలి. కేంద్ర ప్రభుత్వపు వాహన్ సైటులో నంబరు కొడితే రిజిస్ట్రేషన్ గడువు, ఇన్సూరెన్స్, అప్పు వివరాలు ఇంట్లో కూర్చునే చూడవచ్చు.

లెక్క

బేరం 90,000 దగ్గర తెగింది. బావగారి మొహం వెలిగింది. ఆ వెలుగు తగ్గించడం నాకు ఇష్టం లేకపోయినా కాగితం తీసి మిగతా అంకెలు రాశాను. తుప్పు కోయించి కొత్త రేకు అతికించడానికి 18,000. టైర్లకు 20,000. బ్రేకులు, బుష్‌లు 11,000. బ్యాటరీ 5,000. వెనుక సీటు బెల్టులకు 3,000. పేరు మార్పు, తిరుగుడు ఖర్చు 4,000. ఇన్సూరెన్స్ 4,000. అంతా కలిపి 1,55,000.

"బండి తొంభై అంటిమి గదప్పా!" అన్నారు బావగారు.

తొంభై వేలు అమ్మినవారికి ఇచ్చేది. తక్కిన అరవై ఐదు వేలు బండికి ఇచ్చేది. పాత కారు కొనేవారు రెండో అంకె చేతిలో పెట్టుకోకుండా మొదటిది ఇవ్వకూడదు.

ఇన్సూరెన్స్‌లో ఒక చిన్న లాభం ఉంది. 2022 జూన్ 1 నుంచి అమలైన థర్డ్ పార్టీ రేట్లలో 1,000 నుంచి 1,500 సీసీ వరకు 3,416 రూపాయలు, 1,500 దాటితే 7,897, పన్ను అదనం. పాత 1,489 సీసీ అంబాసిడర్ పదకొండు సీసీల తేడాతో తక్కువ మెట్టులో నిలుస్తుంది. ఇసుజు ఇంజను ఉన్న 1,800, 2,000 బండ్లు పరుగులో మేలే గాని పై మెట్టులోకి పోతాయి.

ఇక ఆయుష్షు. కారు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్ళకు, తర్వాత ఐదేసి ఏళ్ళకు. 2004 బండికి 2019లో, 2024లో పొడిగింపు అయింది, 2029 దాకా చెల్లుతుంది. 15 ఏళ్ళు దాటిన కారుకు పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 అయింది. 20 ఏళ్ళు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. తనిఖీలో నెగ్గాలి కూడా. అంచేత 2029 తర్వాతి కాలాన్ని లెక్కలోకి తీసుకోవద్దన్నాను. మిగిలింది మూడున్నరేళ్ళు, అంటే 42 నెలలు. 1,55,000ను 42తో భాగిస్తే నెలకు సుమారు 3,700. భూమిని కౌలుకిచ్చిన మనిషి కారును కౌలుకు తీసుకున్నట్టు.

అక్కకు నెలకొకసారి బెంగుళూరు ప్రయాణం ఎలాగూ ఉంది. పోయి రావడానికి 300 కిలోమీటర్ల పైన, బాడుగ కారుకు నాలుగు వేల పైమాట. సొంత బండికైతే లీటరుకు పన్నెండు లెక్కన పాతిక లీటర్ల డీజిలు, రెండు వేల మూడు వందలు. ఆ ఒక్క ప్రయాణానికే చూస్తే బాడుగ కారే చౌక. కానీ నాగలమడక సుబ్రహ్మణ్యస్వామి గుడి, పావగడ శనివారం మొక్కు, బంధువుల పెళ్ళిళ్ళు కలిపితే నెలకు నాలుగైదు బాడుగలు. అప్పుడు లెక్క అంబాసిడర్ వైపు మొగ్గింది. మీ ఇంట్లో నెలకు ఒక్క ప్రయాణమే అయితే కొనకండి, బాడుగకే పొండి.

ఇంకొక మాట దాచకూడదు. ఈ బండిలో గాలి సంచులు లేవు, నేటి బ్రేకు సదుపాయాలు లేవు. స్టీరింగ్ తిప్పడానికి చేతిలో సత్తువ ఉండాలి. రాత్రిపూట హైవేలో వేగంగా పోవడానికి ఇది పనికిరాదు. బావగారి ఇంట్లో కట్టుబాటు ఏమంటే గంటకు అరవై దాటకూడదు, చీకటి పడకముందే ఇల్లు చేరాలి, వెనుక కూర్చున్నవారూ బెల్టు పెట్టుకోవాలి. ఆర్.సి.లో ఎన్ని సీట్లని ఉంటే అంతమందే ఎక్కాలి. చివరి నియమమే అన్నిటికంటే కష్టంగా ఉందట. అంబాసిడర్ వాకిట్లో ఉందంటే ఊళ్ళో ప్రతివాళ్ళకూ "ఇంకొకరికి చోటుంటుంది" అనిపిస్తుంది!

డబ్బు సగం ఖాతా నుంచి ఖాతాకు ముందు పంపారు. మిగతా సగం, మాస్టారూ బావగారూ కలిసి ఆర్.టి.ఓ. ఆఫీసులో ఫారాలు ఇచ్చి రసీదు తీసుకున్న రోజున. ఆ రసీదు చేతికి వచ్చాక మాస్టారు, "ఇప్పటికి నా భారం దిగింది" అన్నారు. కొన్నవారికంటే అమ్మినవారే ఎక్కువ సంతోషపడటం నేను అక్కడ చూశాను. ఆయన లోకం తెలిసినవారు.

చివరిగా, కారు కొనే ఆలోచన లేని పాఠకులకు ఒక పని చెబుతాను. ఉద్యోగాల కోసం ఊళ్ళు మారిన కుటుంబాలు మనవి. బదిలీ వచ్చినప్పుడల్లా స్కూటరో, కారో ఎవరికో ఇచ్చేసి, ఫారాల మీద సంతకం చేసి, రైలెక్కినవాళ్ళం. ఆ బండ్లలో కొన్ని ఇంకా మన పేరునే ఎక్కడో తిరుగుతూ ఉండవచ్చు. ఈ పత్రిక పక్కన పెట్టగానే పాత డైరీలో ఆ నంబరు వెతికి, పేరు మారిందో లేదో చూసుకోండి. మారకపోతే కొన్నవారికి ఈ రోజే ఫోను చేయండి. వారు దొరకకపోతే అమ్మినట్టు రాసుకున్న కాగితం తీసుకుని ఆర్.టి.ఓ. ఆఫీసుకు రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

వచ్చే సంచికలో లాకరు నామినేషన్ గురించి. ఉత్తరాలు ఎప్పటిలాగే సంపాదకుల పేరున రాయగలరు.